లీడర్‌షిప్ యాక్టివిటీ ఏది పెట్టినా ఆ ఇద్దరే మాట్లాడుతున్నారు, ఏం చెయ్యాలి?

నల్లబల్ల:
తొమ్మిదో తరగతికి చెబుతాను. నాయకత్వ లక్షణాల మీద వారానికో పీరియడ్ నాకు అంటగట్టారు. ఉపన్యాసం ఎవరి చెవికీ ఎక్కదు కాబట్టి గ్రూపులు చేసి పనులు ఇస్తున్నాను. పాత న్యూస్‌పేపర్లు, టేపు ఇచ్చి ఎంత ఎత్తు టవర్ కడతారో కట్టండి అంటే, నోరున్న ఇద్దరు కాగితాలు లాగేసుకుంటారు. ఒకరు టేపు చింపి అందిస్తారు. మిగతావాళ్లు గోడకి ఆనుకుని కబుర్లు. చివర్లో "ఏం నేర్చుకున్నారు?" అంటే "టీమ్‌వర్క్ మేడమ్!" అని కోరస్. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండిపోతోంది.

నలభై మంది, నలభై ఐదు నిమిషాలు. సామాను పెద్దగా అక్కర్లేనివి చెప్పండి. కళ్లకు గంతలు కట్టే ఆటలు పెట్టొచ్చా? దాని గురించి మాత్రం కాస్త టెన్షన్‌గా ఉంది.

ఈలమాస్టర్:
మేడమ్, టవర్‌ని మానెయ్యకండి. ఆ ఇద్దరి నోటికి తాళం వెయ్యండి. పని మొదలైన ఐదు నిమిషాలకి "ఇక వీళ్లిద్దరూ మాట్లాడకూడదు, చేతులతో మాత్రమే పని" అనండి. గ్రూపు కాసేపు బిక్కమొహం వేస్తుంది. మీకు సాయం చెయ్యాలనిపిస్తుంది, చెయ్యకండి. కిటికీలోంచి బయటికి చూడండి, కావాలంటే.

నేను పీఈటీని. నాకు బాగా అచ్చొచ్చింది హీలియం స్టిక్ అనే ఆట. ఇందులో నోరున్నంత మాత్రాన పని జరగదు. సన్నటి, తేలికైన కర్ర కావాలి, రెండు మీటర్లకు తగ్గకుండా. ముగ్గురు ఇటు, ముగ్గురు అటు ఎదురెదురుగా నిలబడి ఛాతీ ఎత్తులో చూపుడు వేళ్లు చాపుతారు. కర్రని ఆ వేళ్ల మీద పెట్టండి. దాన్ని నేల మీదికి దించాలి, అంతే పని. ఎవరి వేలూ కర్రని వదలకూడదు, వేలు వంచి పట్టుకోకూడదు.

కర్ర కిందికి పోదు మేడమ్, పైకి లేస్తుంది! వేలు ఎక్కడ కర్రని వదిలేస్తుందోనని ప్రతివాడూ రవ్వంత పైకి నొక్కుతాడు. ఆ రవ్వలన్నీ కలిస్తే కర్ర బరువు కంటే ఎక్కువ. కాసేపట్లో "ఎవడ్రా పైకి తోస్తోంది?" అని మొదలవుతుంది. అందరూ ఎదుటి వరుసనే తిడతారు, తన వేలు చూసుకునేవాడు ఉండడు. గట్టిగా అరిచే కొద్దీ కర్ర ఇంకా పైకి పోతుంది. ఎప్పటికో ఒకరు "ఆగండి, నేను అన్నప్పుడే దించుదాం" అంటారు. నేను చూసినంతలో ఆ మాట అనేది ఎక్కువగా క్లాస్ లీడర్ కాదు.

పదిమంది గ్రూపు అయితే ఆరుగురు కర్ర దగ్గర, నలుగురు నోట్‌బుక్‌తో పక్కన ఉండాలి. ఎవరు ఏమన్నారు, ఎవరి మాట మధ్యలో తుంచేశారు, ఇవే రాయాలి. తర్వాత వాళ్లు కర్ర దగ్గరికి, వీళ్లు నోట్‌బుక్ దగ్గరికి. ఆట పది నిమిషాలు, మాటలు ఇరవై. "ఏం నేర్చుకున్నారు" అని మాత్రం అడగొద్దు, కోరస్ వచ్చేది ఆ ప్రశ్నకే. "కర్ర లేచినప్పుడు నువ్వు ఎవరిని అన్నావు? ఆగమని మొదట అన్నది ఎవరు? మొదటిసారి ఎందుకు వినలేదు?" అని అడగండి. చివరి ప్రశ్నకి క్లాసు కాస్త నిశ్శబ్దమవుతుంది, తొందరపడి నింపకండి.

చీటీలపెట్టె:
ఈలమాస్టర్ గారు చెప్పింది బాగుంది కానీ, నోరున్నవాళ్లని మూయించడం శిక్షలా అనిపించొచ్చు. నా పద్ధతి వేరు: సమాచారాన్నే ముక్కలు చేస్తాను. ఆరుగురు వరుసలో ఏ క్రమంలో కూర్చున్నారో కనుక్కునే చిక్కుప్రశ్న తీసుకుని, ఆధారాలు ఒక్కో చీటీ మీద రాసి తలా ఒకటి ఇస్తాను. చదివి వినిపించొచ్చు, చూపించకూడదు. మూల కూర్చున్న పిల్ల నోరు విప్పకపోతే లెక్క తేలదు, కాబట్టి మిగతావాళ్లే ఆమెని బతిమాలతారు. అమెరికన్ మనస్తత్వవేత్త ఎలియట్ అరాన్సన్ 1971లో జిగ్‌సా క్లాస్‌రూమ్ (పాఠాన్ని ముక్కలు చేసి తలా ఒకటి ఇచ్చే పద్ధతి) మొదలుపెట్టింది ఈ ఆలోచనతోనే.

గంతల ఆటలు పెట్టొచ్చు, కానీ ఇష్టమైనవాళ్లకే. గుడ్డ కట్టక్కర్లేదు, కళ్లు మూసుకుంటే చాలు. చదునైన నేల, పరుగులు లేవు, ప్రతి జంట పక్కన కళ్లు తెరిచిన ఒకరు. చేతులు పట్టుకుని ముడి విప్పే ఆటలో ముట్టుకోవడం ఇష్టంలేని పిల్లలుంటారు, చేతికి బదులు తాడు ముక్కలు ఇవ్వండి.

గ్రంథాలయం:
మనస్తత్వవేత్తలు కర్ట్ లెవిన్, లిప్పిట్, వైట్ పదేళ్ల వయసు పిల్లల క్లబ్బుల మీద చేసి 1939లో ప్రచురించిన ప్రయోగం చూడండి మేడమ్. పెత్తనం చేసే నాయకుడు గదిలో ఉన్నంతసేపూ పని సాగింది, బయటికి వెళ్లగానే పడిపోయింది. పిల్లలతో కలిసి నిర్ణయించే నాయకుడు వెళ్లినా పని దాదాపు అలాగే నడిచింది. దీన్ని మీ టవర్‌కి అతికించొచ్చు: మధ్యలో లీడర్‌ని రెండు నిమిషాలు వరండాలోకి పంపండి. లోపల ఏం జరిగిందో తర్వాత పరిశీలకులు చదివి వినిపిస్తే, ఆ లీడర్‌కి మీరు వేరే ఏం చెప్పక్కర్లేదు.

నల్లబల్ల:
అందరికీ థ్యాంక్స్. వరండా ఐడియా ఈ వారమే. ఈలమాస్టర్ గారూ, కర్ర దొరక్కపోతే న్యూస్‌పేపర్ చుట్టి చేసుకోవచ్చా? మధ్యలో వంగిపోదా?

ఈలమాస్టర్:
బిగించి చుట్టండి, వంగదు. ఒక గొట్టం కొస ఇంకోదాని లోపలికి జానెడు దూర్చి అతుకు మీద టేపు వెయ్యండి. కర్ర కంటే అదే నయం, తేలిక కాబట్టి ఇంకా తొందరగా పైకి లేస్తుంది. రెండు ఎక్కువే చేసిపెట్టుకోండి, మొదటిది కత్తియుద్ధానికి పోతుంది.