బస్సు ర్యాపింగ్ ఫైలు: కొలత, రిజల్యూషన్ ఎంత పెట్టాలి?

ప్రశ్న (నల్లగొండ):
12 మీటర్ల కాలేజీ బస్సుకు ర్యాపింగ్ (బస్సు ఒంటికి అతికించే ప్రింటు స్టిక్కర్) డిజైన్ ఫోటోషాప్‌లో చేస్తున్నాను. పూర్తి కొలతతో, 300 రిజల్యూషన్‌లో (అంగుళానికి 300 పిక్సెళ్లు) పేజీ తెరిస్తే కంప్యూటర్ మొరాయిస్తోంది. 72కు తగ్గించినా పీఎస్‌డీగా (ఫోటోషాప్ మామూలు ఫైలు) సేవ్ కావడం లేదు. పదో వంతు కొలతలో చేస్తే ఫైలు తేలికవుతుందా?

జవాబు (మహబూబ్‌నగర్):
అన్నగారూ, 12 మీటర్లంటే దాదాపు 472 అంగుళాలు కాబట్టి, 72 చొప్పున లెక్కించినా పొడవు 34,000 పిక్సెళ్లు దాటుతుంది. పీఎస్‌డీ 30,000 వద్దే ఆగిపోతుంది. 3,00,000 పిక్సెళ్ల వరకు పట్టే పీఎస్‌బీగా (ఫోటోషాప్‌లోనే పెద్ద ఫైళ్ల రకం) సేవ్ చేయండి. పదో వంతు కొలతకు రిజల్యూషన్ 720 పెడితే పిక్సెళ్లు అవే ఉంటాయి కనుక బరువు తగ్గదు. 72 వద్దే ఉంచితే ప్రింటులో అంగుళానికి ఏడు పిక్సెళ్లే మిగిలి బొమ్మ గళ్లుగళ్లుగా వస్తుంది. దూరం నుంచి చూసే బస్సుకు 300 అవసరమే లేదు, పూర్తి కొలతలో 72 నుంచి 100 చాలు.

జవాబు (మిర్యాలగూడ):
కాలేజీ పేరు, ఫోన్ నంబరు మాత్రం ఫోటోషాప్‌లో పెట్టకండి. కోరల్‌డ్రాలో టైప్ చేసి కర్వ్స్‌గా (పిక్సెళ్లు లేని గీతల ఆకారాలుగా) మారిస్తే ఎంత పెంచినా అక్షరం అంచు చెదరదు. ప్రింటు వేసే వినైల్ స్టిక్కర్ రోలు తరచుగా 54 అంగుళాల వెడల్పే ఉంటుంది కాబట్టి, ప్యానెళ్లుగా విడగొట్టి అతుకుల వద్ద అరంగుళమైనా ఓవర్‌ల్యాప్ ఇవ్వండి. తలుపు సందులో విద్యార్థి ముఖం పడకుండా ముందుగా బస్సును టేపుతో కొలవండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. పీఎస్‌బీలో సేవ్ అయింది. రేపు డిపోకు వెళ్లి తలుపులు, కిటికీలు కొలిచాకే ప్యానెళ్లు విడగొడతాను.