ఖాళీ అయిన ఇంజెక్షన్ సీసాను మన కళ్ల ముందే పగలగొట్టించాలా? క్యూఆర్ కోడ్ చాలదా?

అమ్మకొడుకు, ఖమ్మం

అమ్మకు ఊపిరితిత్తుల క్యాన్సర్. మూడు వారాలకోసారి హైదరాబాద్ తీసుకెళ్లి ఇమ్యునోథెరపీ (క్యాన్సర్‌తో పోరాడేలా ఒంట్లోని రోగనిరోధక శక్తిని పనిచేయించే మందు) ఎక్కించుకొస్తున్నాం. విడతకు రెండు సీసాలు, ఒక్కోటి లక్ష పైమాటే. అర ఎకరం అమ్మాం. పోయిన విడతకు ముందు ఎవరో ఫోన్ చేసి, బిల్లు వద్దనుకుంటే సీసా మీద నలభై వేలు తగ్గిస్తానన్నాడు. వద్దని పెట్టేశాను గానీ ఆ రాత్రంతా నిద్ర లేదు. కొనలేక అలాంటి ఫోన్‌కు సరేనన్న వాళ్లు ఎంతమంది ఉంటారో అనిపించింది.

2024 మార్చిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్న ముఠా గుర్తుందా? ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్ల దగ్గర ఖాళీ క్యాన్సర్ మందు సీసాలు ఐదేసి వేలకు కొని, ఫంగస్‌కు వాడే చవక మందు నింపి, లక్షలకు అమ్మారు. సీసా అసలుదే, లేబుల్ అసలుదే. లోపలిదొక్కటే నకిలీ.

మొన్న అమ్మకు ఎక్కించడం అయిపోయాక ఖాళీ సీసాలు ఇమ్మని అడిగాను. ఇవ్వకూడదు, చెత్తలోకి పోవాలి అన్నారు. ట్రేలో పెట్టుకుని వెళ్లిపోయారు. పై మూత తప్ప సీసా కొత్తదానిలాగే ఉంది, లేబుల్ మీద ఒక్క గీత కూడా లేదు. అది ఏ దారిన పోతుందో నాకెవరు చెప్తారు? రోగి బంధువుల ముందే సీసా పగలగొట్టాలని రూలు రావాలి. మందుల మీద స్కాన్ చేసే క్యూఆర్ కోడ్ వచ్చిందిగా, ఇంకెందుకు భయం అనేవాళ్లు దీనికి జవాబు చెప్పండి.

మెడికల్ షాపు, హనుమకొండ

తమ్ముడూ, అమ్మగారు త్వరగా కోలుకోవాలి. ఇరవై రెండేళ్లుగా షాపు నడుపుతున్నాను, క్యూఆర్ సంగతి నేను చెప్తాను. 2023 ఆగస్టు 1 నుంచి కోడ్ తప్పనిసరి అయింది 300 బ్రాండ్లకే. అందులో ఉండేది మందు పేరు, కంపెనీ, బ్యాచ్ నంబరు, తేదీలు, లైసెన్స్ నంబరు. ఒక బ్యాచ్‌లో లక్ష షీట్లుంటే అన్నింటి మీదా అదే సమాచారం ఉండొచ్చు. అసలు షీటు మీది కోడ్‌ను ఫొటో తీసి నకిలీ షీటు మీద అచ్చేస్తే, స్కాన్ చేసినప్పుడు అసలు వివరాలే వస్తాయి.

ఇంకో సంగతి. సాయంత్రం ఏడింటికి మా కౌంటర్ దగ్గర నిలబడి చూడండి. సగం మంది నాలుగు గోళీలే అడుగుతారు. కత్తెరతో షీటు కోసి ఇస్తాం. తేదీ, బ్యాచ్ ఉన్న ముక్క మా దగ్గరే ఉండిపోతుంది. ఆ నాలుగు గోళీలు తీసుకెళ్లిన మనిషి దేన్ని స్కాన్ చేస్తాడు?

అయినా నువ్వు అడిగిన రూలుతో నాకు పేచీ ఉంది. లక్ష రూపాయల సీసా మీద అందరి కన్నూ పడుతుంది, పల్లెల్లో వాడే యాంటీబయాటిక్ షీటును ఎవరూ చూడరు. అదే 2024 మార్చిలో తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ వాళ్లు పట్టుకున్న యాంటీబయాటిక్ మాత్రల్లో ఉన్నది సుద్దపొడి, గంజిపొడి. షీటు మీద హిమాచల్ ప్రదేశ్ చిరునామా ఉంది, అలాంటి కంపెనీయే లేదు. న్యుమోనియా వచ్చిన పిల్లాడికి ఐదు రోజులు సుద్ద మింగిస్తే ఏమవుతుందో ఊహించు. అక్కడ పగలగొట్టడానికి సీసా లేదు, స్కాన్ చేయడానికి కోడ్ లేదు. మిగిలింది బిల్లొక్కటే.

నేను లైసెన్స్ ఉన్న స్టాకిస్టు (హోల్‌సేల్ వ్యాపారి) దగ్గర బిల్లుతో కొని సరిగ్గా నిల్వ చేస్తే, సరుకు నకిలీ అని నాకు తెలియకపోతే, చట్టం నన్ను కాపాడుతుంది. బిల్లు లేకపోతే నేనే ముద్దాయిని. ప్రభుత్వం ధర కట్టడి చేసిన మందు మీద మాకు మిగిలేది 16 శాతం, హోల్‌సేల్‌కు 8. అలాంటప్పుడు పేరున్న బ్రాండు మీద నలభై శాతం తగ్గిస్తానని ఎవరైనా వస్తే, ఆ సరుకు దొంగదో నకిలీదో అయి ఉండాలి. ఇది తెలిసీ కొనే షాపులున్నాయి. మా సంఘంలో ఈ మాట అంటే కొందరికి కోపం వస్తుంది, అయినా అంటాను.

డేకేర్ నర్సు

అమ్మకొడుకు గారూ, మీ బాధ అర్థమైంది. కానీ పగలగొట్టమని మాత్రం అడగకండి. కీమో మందుల్లో చాలావరకు కణాలను చంపేవి. సీసా పగిలితే అడుగున మిగిలిన చుక్క గాల్లోకి, మా చేతుల మీదికి వస్తుంది. గాజు పెంకులు ఏరేది ఆయమ్మ. నెలకు పదీ పన్నెండు వేల జీతానికి పనిచేసే మనిషి ఆమె.

2016 నాటి ఆస్పత్రి వ్యర్థాల నియమాల ప్రకారం కీమో మందు అంటిన సీసాలు పసుపు సంచిలోకి వెళ్లి కాలిపోవాలి. మామూలు గాజు సీసాలు నీలం గుర్తు డబ్బాలోకి. సంచుల మీద బార్‌కోడ్ కూడా ఉండాలి. కానీ నేను పనిచేసిన చోట సంచిని తూకం వేసి రాసేవాళ్లు. లోపల ఎన్ని సీసాలున్నాయో లెక్క లేదు. నలభై సీసాల మందు వాడిన రోజు ముప్పై ఎనిమిదే సంచిలో పడినా తూకంలో తేడా కనబడదు. తప్పిపోయిన ఆ రెండే పది వేలు.

చేయాల్సిన పని చిన్నదే. మందు తీయగానే లేబుల్ మీద చెరగని మార్కర్‌తో అడ్డంగా గీత, రోగి నంబరు, తేదీ. షిఫ్ట్ దిగేముందు ఇద్దరు కలిసి లెక్కపెట్టి సంతకాలు చేయాలి. మత్తు మందుల ఆంప్యూల్స్‌కు మేం ఇప్పటికే ఇలాగే చేస్తున్నాం, ఖాళీది అప్పగిస్తేనే కొత్తది ఇస్తారు. క్యాన్సర్ మందుకు చేయకపోవడానికి కారణం నాకు కనబడదు.

న్యూజెర్సీ గిడ్డంగి

నేను ఇక్కడ మందుల పంపిణీ గోదాంలో పనిచేస్తాను. షాపు అన్న చెప్పిన లోపం బ్యాచ్ కోడ్‌ది. యూరప్‌లో 2019 ఫిబ్రవరి నుంచి ప్రిస్క్రిప్షన్ మందుల్లో దాదాపు ప్రతి పెట్టెకూ వేరే నంబరు. ఫార్మసీలో ఇచ్చేటప్పుడు స్కాన్ చేసి ఆ నంబరును రద్దు చేస్తారు. అదే నంబరుతో ఇంకో పెట్టె వస్తే వెంటనే తెలుస్తుంది. ఇక్కడ ఇలాంటి చట్టం 2013లో వచ్చింది, గడువులు జరిపి జరిపి పెద్ద డిస్ట్రిబ్యూటర్లకు 2025 ఆగస్టు దాకా పట్టింది. తేలికేం కాదు.

దొంగతనం గురించి కూడా ఆలోచించండి. 2009లో ఇక్కడ నార్త్ కరోలినాలో 1,29,000 ఇన్సులిన్ సీసాలు దొంగిలించారు. అవి నకిలీవి కావు, అసలైనవే. కానీ ఫ్రిజ్ లేకుండా ఎక్కడెక్కడో ఉండి కొన్ని మళ్లీ షాపులకు చేరాయి. వాడినవాళ్లకు షుగర్ అదుపు తప్పింది. విడి నంబర్లుంటే పోయిన సీసాలను ఆ రోజే ఆపేయొచ్చు. అన్నా, బిల్లుతో దీన్ని ఆపలేం. దొంగ అనేవాడు బిల్లును కూడా తయారుచేస్తాడు.

మెడికల్ షాపు, హనుమకొండ

బిల్లును దొంగ తయారుచేస్తాడు, నిజమే. ఆ మాట ఒప్పుకుంటాను. కానీ విడి నంబరు స్కానింగ్‌ను చిన్న షాపుల నెత్తిన మొదట పెట్టకండి. మా దగ్గర సిగ్నలే సరిగ్గా ఉండదు. కంపెనీ నుంచి స్టాకిస్టు దాకా, పెద్ద ఆస్పత్రుల్లో ముందు పెట్టండి. క్యాన్సర్ మందు, ఇన్సులిన్, టీకాలతో మొదలుపెట్టండి. గోళీల షీట్లకు తర్వాత రావచ్చు.

న్యూజెర్సీ గిడ్డంగి

దీనికి నేనూ ఒప్పుకుంటా. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, ఆ విడి నంబరు మామూలుగా ఉండేది పెట్టె మీద. సీసా మీద కాదు. ఆస్పత్రిలో మీకు సీసాయే చూపిస్తారు. పెట్టె అడగండి.

అమ్మకొడుకు, ఖమ్మం

నర్సు మేడమ్ చెప్పాక పగలగొట్టాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆయమ్మ చేతుల గురించి నాకు తట్టలేదు, క్షమించండి.

నిన్న అమ్మకు తర్వాతి విడత అయింది. మార్కర్ జేబులో పెట్టుకుని వెళ్లాను. పెట్టెలు చూపించమంటే చూపించారు, బ్యాచ్ నంబర్లు బిల్లుతో సరిపోయాయి, రెండూ నోటుబుక్కులో రాసుకున్నాను. మందు తీశాక అక్కడున్న సిస్టర్ ఏమీ అనకుండా రెండు లేబుళ్ల మీదా గీతలు కొట్టి అమ్మ నంబరు రాసింది. అమ్మ చూసి "మంచి పని బిడ్డా" అంది ఆమెతో. ఖాళీ సీసాల లెక్క పుస్తకం ఉంటుందా అని మాత్రం పైవాళ్లను అడిగితే, అది లోపలి విషయం అన్నారు. కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని వచ్చాను. జవాబు రాగానే ఇక్కడే పెడతాను.