కుక్క ఉన్న ఇంట్లో లాన్‌కి ఏ సేంద్రియ ఎరువు వేయొచ్చు?

అందరికీ నమస్తే. మాది కరీంనగర్, ఇంటి ముందు చిన్న లాన్, మెక్సికన్ గడ్డి, అడుగున ఎర్రమట్టి. యూరియా చల్లితే కొన్నాళ్లు పచ్చగా కళకళలాడుతుంది, తర్వాత మళ్లీ పాలిపోతుంది, పైగా పిల్లలు చెప్పుల్లేకుండా అందులోనే ఆడతారు కాబట్టి ఇకపై సేంద్రియ ఎరువులే వాడదామని ఇంట్లో అనుకున్నాం.

నర్సరీ అతను ఆముదం పిండి చల్లమంటున్నాడు. అందులో నత్రజని బాగానే ఉంటుంది, కానీ రిసిన్ అనే విషం కూడా మిగిలి ఉండొచ్చు, వాసనకి కుక్కలు తినేస్తాయి. మా కుక్క కనిపించిందల్లా నోట్లో పెట్టుకునే రకం, కాబట్టి అది వద్దే వద్దు. పశువుల ఎరువు ట్రాక్టర్ లోడు దొరుకుతుంది గానీ సరిగ్గా చివకకపోతే కలుపు గింజలు వస్తాయి, ఇప్పటికే తుంగతో చస్తున్నాం.

ఇక మిగిలింది వర్మీకంపోస్ట్, వేపపిండి. వర్మీకంపోస్ట్‌ని జల్లెడ పట్టి ఇసుకతో కలిపి పల్చగా పరిస్తే చాలా, లేక ముందు గడ్డి పొట్టిగా కత్తిరించి నేలలో గుచ్చి రంధ్రాలు చేయాలా? చదరపు మీటరుకి ఎంత వేస్తున్నారు? వానలు ముదిరాక వేస్తే కొట్టుకుపోతుందా, జూన్ మొదట్లోనే వేసేయాలా?

ఇంకోటి, జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం లాంటివి నీళ్లలో పులియబెట్టి చేసే ద్రవ ఎరువు) ఎకరానికి 200 లీటర్లని పొలాల లెక్క చెబుతారు, అంటే చదరపు మీటరుకి దాదాపు 50 మిల్లీలీటర్లే, అంత కొంచెం లాన్‌కి సరిపోతుందా? వాసన ఎన్నాళ్లుంటుంది? పక్కింటివాళ్లతో గొడవ నాకొద్దు.

స్వయంగా వాడినవాళ్లు చెప్పండి, వీడియో లింకులు మాత్రం వద్దు ప్లీజ్.