ఇంకా ట్రయిల్ నడవాలని ఉంది, కానీ దిగేటప్పుడు మోకాలు నొప్పి. నడిచినవాళ్లు ఎవరైనా చెప్పండి

నరసన్నపేట టీచరమ్మ:

అందరికీ నమస్కారం. నాకు 51 ఏళ్లు. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఇరవై రెండేళ్లుగా బోర్డు మీద దక్షిణ అమెరికా పటం గీయడం, ఎడమ అంచున సుద్దముక్క అడ్డంగా పట్టుకుని ఆండీస్ పర్వతాలు రుద్దడం నా పని. మొన్న ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి లేచి "మీరు చూసేరా టీచర్?" అంది. లేదన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడు. వచ్చే వేసవి సెలవుల్లో వాడి దగ్గరికి వెళ్తున్నాం. మా ఇద్దరికీ పదేళ్ల విజిటర్ వీసా ఉంది, ఇంకా ఆరేళ్లు మిగిలింది. అక్కడి నుంచి పెరూ వెళ్లి, 'ఇంకా' అనే పాతకాలం రాజులు ఆండీస్‌లో రాళ్లు కట్టించిన నాలుగు రోజుల నడకదారి, అదే ఇంకా ట్రయిల్, నడిచి కొండ మీది వాళ్ల శిథిల నగరం మాచు పిచ్చు చేరాలని నా కోరిక. ఈ మాట మావారితో అంటే "ఇంకా ఏటి, చెప్పు" అన్నారు. పేరే 'ఇంకా' అని నచ్చజెప్పేసరికి ఒక పూట పట్టింది. అర్థమయ్యాక ఆయన వేసిన ప్రశ్న, "మనకున్న కొండలు సాలవేటి?"

చాలవని కాదు. అరసవల్లిలో మార్చిలో, అక్టోబరులో పొద్దున్నే ఎండ గాలిగోపురం దాటి లోపలికొచ్చి స్వామి పాదాల మీద పడటం చిన్నప్పటి నుంచి వింటూ, చూస్తూ పెరిగినదాన్ని. మాచు పిచ్చులో కూడా ఒక గుండ్రటి గుడి ఉందట, జూన్ నెలలో అక్కడ పగలు అతి తక్కువగా ఉండే రోజున సూర్యుడి మొదటి కిరణం దాని కిటికీలోంచి సరిగ్గా లోపలి రాతి మీద పడుతుందట. ఎక్కడి అరసవల్లి, ఎక్కడి ఆండీస్! కళ్లారా చూడాలి కదా.

నా ప్లాన్ ఇదీ. శనివారం పెరూలోని కుస్కో ఊళ్లో విమానం దిగడం, ఆదివారం ఊరు చూడటం, సోమవారం నడక మొదలు. ఆ దారిలో నడవడానికి పర్మిట్ అక్కడికి వెళ్లాక తీసుకుందాం అనుకుంటున్నాను. సాలిహుండం కొండ ఆగకుండా ఎక్కుతాను, పైకెళ్లాక కాసేపు ఆయాసం. పోయిన కార్తీకంలో మందస వైపు నుంచి మహేంద్రగిరి వెళ్లొచ్చాం. ఎక్కడం బాగానే ఉంది, దిగేటప్పుడు కుడి మోకాలు మాట వినలేదు. మావారికి 57, బీపీ మాత్ర వేసుకుంటారు. ఇద్దరం గుడ్డు కూడా ముట్టం. ఇది అయ్యే పనేనా?

బొబ్బిలి వీణ:

టీచర్ గారూ, నమస్తే. 2019 మే నెలలో నడిచాను. అయ్యే పనే. మీ ప్లాన్‌లో తప్పులు రెండు: శనివారం దిగి సోమవారమే నడక మొదలెట్టడం ఒకటి, పర్మిట్ అక్కడ తీసుకోవడం రెండోది.

ముందు పర్మిట్ సంగతి. అక్కడికెళ్లి కొనడం కుదరదు. ఈ దారిలోకి రోజుకి 500 మందినే వదులుతారు. అందులో గైడ్లు, మూటలు మోసేవాళ్లు, వంటవాళ్లు అందరూ కలిసే. మనలాంటి నడిచేవాళ్లకి మిగిలేది రెండు వందల చిల్లర. సొంతంగా వెళ్లనివ్వరు, లైసెన్సు ఉన్న ఏజెన్సీ ద్వారానే. మే, జూన్ తేదీలు నెలల ముందే అయిపోతాయి. మీరు వేసవికి వెళ్లాలంటే దసరా సెలవుల నుంచే ఏజెన్సీలకి మెయిల్స్ పెట్టడం మొదలెట్టండి. ఫిబ్రవరిలో దారి మొత్తం మూసేస్తారు, అది మీకు అడ్డు కాదు. మే అయితే వానలు వెళ్లిపోయి కొండలింకా పచ్చగా ఉంటాయి. మన బళ్ల సెలవులకి ఇంత బాగా కుదిరే ట్రెక్ ఇంకోటి నాకు తెలీదు.

పర్మిట్ మీ పాస్‌పోర్ట్ నంబరు మీద వస్తుంది. ఇంకొకరికి మార్చరు. మాతో రావలసిన ఒకాయన బుకింగ్ అయ్యాక పాస్‌పోర్ట్ రెన్యువల్ చేయించుకున్నాడు, ఆ సంగతి ఏజెన్సీకి చెప్పలేదు, పాతది ఇంట్లో బీరువాలో పెట్టి వచ్చాడు. నడక మొదలయ్యే చోటు, అంటే రైలు దారిలో 82వ కిలోమీటరు, దగ్గర చెక్‌పోస్టులో ఆపేశారు. మేం వంతెన దాటుతుంటే ఆయన అవతలి గట్టు మీద నిలబడి చెయ్యి ఊపాడు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. మన తెలుగువాళ్లకి ఇంకో గొడవ ఇంటిపేరు. పాస్‌పోర్టులో కొందరికి ఆ గడి ఖాళీగా ఉంటుంది, కొందరికి పూర్తిగా విప్పి రాసి ఉంటుంది. బుకింగ్‌లో ఒక్క అక్షరం తేడా లేకుండా పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇవ్వండి.

ఇక ఎత్తు. కుస్కో 3,400 మీటర్లు. మహేంద్రగిరి శిఖరమే 1,501. అంటే విమానం దిగిన నిమిషానికే మీరు మహేంద్రగిరి మీద ఇంకో మహేంద్రగిరి పెట్టినా అందనంత ఎత్తులో ఉంటారు. మొదటి రోజు హోటల్లో మేడ మెట్లు ఎక్కి మంచం మీద కూలబడ్డాను, అప్పటికి నాకు 34 ఏళ్లు. కుస్కోలో ఉండకుండా ఎయిర్‌పోర్ట్ నుంచే కారు మాట్లాడుకుని ఒయాంతైతంబో అనే ఊరు వెళ్లిపోండి. అది 2,800 లోపే. అక్కడ మూడు రాత్రులు పడుకోండి. ఊరి వీధులు, నీటి కాలవలు 'ఇంకా' రాజుల కాలం నాటివే, ఇప్పటికీ జనం అందులోనే కాపురం ఉంటున్నారు. కొండ మీది కోట మెట్లు రోజూ కొన్ని ఎక్కి దిగండి. నడక మొదలయ్యే చోటు కూడా అక్కడికి దగ్గరే. కుస్కో తిరుగు ప్రయాణంలో చూసుకోవచ్చు, అప్పటికి ఊపిరి సర్దుకుంటుంది.

కళింగపట్నం కెరటం:

ఈ పర్మిట్ల టెన్షన్ ఎందుకండీ. సల్కంతాయ్ అని ఇంకో దారి ఉంది, దానికి ఈ కోటా గొడవ లేదు. మా తమ్ముడు వెళ్లొచ్చాడు, సూపర్ అన్నాడు. అది చేసేయండి.

బొబ్బిలి వీణ:

కెరటం గారూ, దారి గొప్పదే, కాదనను. కానీ అందులో కనుమ 4,630 మీటర్లు. టీచర్ గారు అడిగిన దారిలో అన్నింటికంటే ఎత్తైనది 4,215. పైగా ఆవిడ వెళ్లేది రాళ్లు కట్టిన పాత దారి కోసం, మధ్యలో శిథిలాల కోసం. అవి ఇందులోనే వరసగా వస్తాయి.

రోజులవారీగా చెప్తాను. దారి మొత్తం 43 కిలోమీటర్లు. మొదటి రోజు తేలిక, నది పక్కన నడక. రెండో రోజే అసలు పరీక్ష. దాదాపు 3,000 మీటర్ల దగ్గర బయల్దేరి 4,215 దాకా ఒకటే ఎక్కుడు. ఆ కనుమ పేరు వార్మి వన్యుస్కా, చచ్చిపోయిన ఆడమనిషి అని అర్థం. దూరం నుంచి చూస్తే కొండ వరస వెల్లకిలా పడుకున్న మనిషిలా ఉంటుంది, అందుకని ఆ పేరు. సార్‌కి ముందే చెప్పకండి. అక్కడ గాలి ఒత్తిడి మన సముద్రం ఒడ్డున ఉన్నదాంట్లో ఐదింట మూడు వంతులే. యాభై అడుగులు వేయడం, నిలబడటం, మళ్లీ యాభై. పెళ్లి ఊరేగింపులో నడిచినట్టు నడవాలి. తొందరపడినవాళ్లే కూలబడ్డారు.

మీ మోకాలి మాటకొస్తే, భయపడాల్సింది ఎక్కుడు గురించి కాదు. ఆ కనుమ దాటగానే 600 మీటర్లు నేరుగా రాతి మెట్లు దిగాలి. మూడో రోజు ఫుయుపాటమార్కా శిథిలాల నుంచి విన్యాయ్ వైనా శిథిలాల దాకా ఇంకో వెయ్యి మీటర్ల దిగుడు. మెట్లు ఒకటి జానెడు, ఒకటి మోకాలెత్తు. నా కాళ్లు వణికింది అక్కడే. రెండు చేతికర్రలు తప్పనిసరి. చివర ఇనుప మొన ఉంటే రబ్బరు తొడుగు ఉండాలి, లేకపోతే ఆ రాళ్లు పాడవుతాయని ఒప్పుకోరు.

కానీ ఆ మూడో రోజు కోసమే వెళ్లాలి టీచర్ గారూ. మాచు పిచ్చులో జనం మధ్య నడవాలి. విన్యాయ్ వైనాలో సాయంత్రం మేం పదిమందిమి కూడా లేం. కొండకి వంపుగా మడులు, మడి కింద మడి, పక్కనే వరసగా నీళ్లు పడే రాతి తొట్లు, ఆరు వందల ఏళ్ల కాలవల్లో ఇప్పటికీ నీరు. మా తాత చూస్తే "గట్లు ఎంత బాగా ఏసేరో" అని ముందు ఆ మాటే అనేవాడు. నాలుగో రోజు చీకట్లో లేచి ఇంతి పుంకు దగ్గరికి. ఇంతి అంటే వాళ్ల భాషలో సూర్యుడు, పుంకు అంటే ద్వారం. అక్కడి నుంచి కిందికి చూస్తే మాచు పిచ్చు. నేను వెళ్లిన రోజు అంతా మంచే, గంటన్నర కూర్చున్నాక తెర తీసినట్టు తొలగింది.

మందుల కొట్టు, శ్రీకాకుళం:

అమ్మా, ఫార్మసీ నడుపుతాను, డాక్టర్ని కాదు. అయినా నాలుగు ముక్కలు.

ఎత్తు ప్రదేశాల్లో వచ్చే జబ్బుకి ఎసిటాజోలమైడ్ అని మాత్ర ఉంది, డయామాక్స్ పేరుతో దొరుకుతుంది. మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, ఎక్కే ముందు రోజు నుంచి వేసుకోమంటారు. వేళ్ల చివర తిమ్మిరి, మాటిమాటికీ మూత్రం వస్తాయి, కంగారు పడకండి. సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టరుకి ముందే చెప్పాలి. సార్ బీపీ మాత్ర ఏ రకమో చూడకుండా దీన్ని కలపకూడదు, ఇద్దరూ ఫిజీషియన్‌ని కలవండి. తలనొప్పి, వికారం వస్తే ఆ రోజు ఇంక పైకి ఎక్కకండి. నడక తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా వెంటనే కిందికి దిగాలి. ఈ జబ్బుకి దిగడమే మొదటి మందు.

ఎల్లో ఫీవర్ టీకా సంగతి ఎవరూ చెప్పలేదు. పెరూ నుంచి ఆరు రోజుల లోపు ఇండియాలో దిగితే ఆ కార్డు అడుగుతారు, లేకపోతే క్వారంటైన్‌లో పెట్టొచ్చు. మీరు పెరూ నుంచి మళ్లీ అబ్బాయి దగ్గరికెళ్లి వారం పైన ఉండి వస్తే ఆ ఇబ్బంది రాదు. వేయించుకుంటే ప్రయాణానికి పది రోజుల ముందైనా వేయించుకోవాలి, అప్పుడే కార్డు చెల్లుతుంది. మీరు గుడ్డు తినం అన్నారు, అది అలవాటు వల్లా, పడకపోవడం వల్లా? పడకపోతే ఆ టీకా ముందు తప్పకుండా చెప్పండి.

అక్కడ కోకా ఆకు టీ ఇస్తారు. అక్కడే తాగండి. గుర్తుగా ఉంటుందని ఒక్క ప్యాకెట్ కూడా తేవొద్దు. ఇక్కడా నేరమే, అమెరికాలోనూ నేరమే.

నరసన్నపేట టీచరమ్మ:

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. గుడ్డు అలవాటు లేకే, పడకపోవడం కాదు. మీ జవాబులన్నీ మావారికి చదివి వినిపించాను. చచ్చిపోయిన ఆడమనిషి దగ్గర గొంతు తగ్గించాను గానీ వినేశారు. "ఆవిడ్ని నువ్వు చూసి రా, నేను రైల్లో వస్తాను" అన్నారు. నన్ను ఒక్కదాన్ని నడవనివ్వడం ఆయనకి ఇష్టం లేదు, నడవడం అంతకంటే ఇష్టం లేదు. ఏం చేయమంటారు? భోజనం సంగతి కూడా ఎవరూ చెప్పలేదు. ఆడవాళ్లకి ఇబ్బందులు ఎలా ఉంటాయో అదీ చెప్పండి.

బొబ్బిలి వీణ:

సార్ కోసం చిన్న దారి ఉంది. రైలు దారిలోనే 104వ కిలోమీటరు దగ్గర దిగి ఒక్క రోజు నడక. దాదాపు 2,100 మీటర్ల దగ్గర మొదలై విన్యాయ్ వైనా మీదుగా ఇంతి పుంకు చేరుతుంది. పెద్ద కనుమలు లేవు. దానికీ పర్మిట్ కావాలి. నాలుగు రోజులు మీరు, ఒక్క రోజు ఆయన, మాచు పిచ్చులో కలుసుకోవచ్చు. లేదా ఇద్దరూ చిన్నదే చేయొచ్చు, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నన్నడిగితే మీరు పెద్దదే నడవండి.

భోజనానికి దిగులొద్దు. బంగాళాదుంప పుట్టిందే ఆ కొండల్లో. కినోవా సూపు, మొక్కజొన్న, దుంపలు, బీన్స్. శాకాహారం అని బుకింగ్‌లోనే రాయండి, గుడ్డు కూడా వద్దని విడిగా రాయండి, లేకపోతే పొద్దున్నే ఆమ్లెట్ వస్తుంది. మూడో పూటకి నాకు కారం మీద ప్రాణం పోయింది, కందిపొడి సీసా ఉంటే రాజ్యం ఇచ్చేవాణ్ణి. బాత్రూములు క్యాంపుల దగ్గర ఉంటాయి, మన పాత పద్ధతివే. తోటివాళ్లలో తెల్లవాళ్లు ఇబ్బంది పడ్డారు గానీ మనకేంటి. వెళ్లిన ఆడవాళ్లని కూడా ఎవరినైనా అడగండి, నాకు తెలిసింది ఇంతే. క్యాంపుల్లో రాత్రి గడ్డకట్టే చలి, లంబసింగి గుర్తు చేసుకుని ఇంకో స్వెట్టర్ పెట్టుకోండి. మీ బరువు సంచి మోయడానికి మనిషిని అదనంగా మాట్లాడుకోండి, సాధారణంగా ఆరేడు కిలోలు తీసుకుంటారు. వాళ్లు ఒక్కొక్కరు 20 కిలోల దాకా మోస్తూ మనల్ని దాటి పరుగెడతారు. దారిలో వాళ్లొస్తే కొండ వైపు ఒదిగి నిలబడండి, లోయ వైపు కాదు.

వీసా మాట మర్చిపోయాను. ఆరు నెలలు పైన గడువున్న అమెరికా వీసా ఉంటే మన పాస్‌పోర్టుకి పెరూ వీసా అడగరు. బయల్దేరే ముందు వాళ్ల ఎంబసీ సైటులో ఒకసారి సరిచూసుకోండి. మీరు ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి విదేశానికి అనుమతి కాగితంలో అమెరికాతో పాటు పెరూ పేరు కూడా రాయించండి.

నరసన్నపేట టీచరమ్మ:

అనుమతి దరఖాస్తులో అమెరికా అని ఒక్కటే రాసి సోమవారం ఇచ్చేశాను. రేపు వెనక్కి తీసుకుని మార్చి ఇస్తాను. మా క్లర్కు గారు "పెరూ ఏటి మేడం, పేరా?" అంటారు, ఇప్పుడే వినబడుతోంది.

నిర్ణయం చెప్తున్నాను. నేను నాలుగు రోజులది, ఆయన ఒక్క రోజుది. ఒయాంతైతంబోలో మూడు రాత్రులు కాదు, నాలుగు. కందిపొడి రెండు సీసాలు. మోకాలు ఆర్థో డాక్టరుకి చూపించాను, తొడ కండరాలు గట్టిపడాలన్నారు, అరిగిందేమీ లేదన్నారు. బొబ్బిలి బాబు దిగుడు గురించి చెప్పినప్పటి నుంచి ప్రాక్టీసు తిరగేశాను. ఈ ఆదివారం సింహాచలం వెళ్తున్నాం. కొండ పైకి బస్సులో వెళ్లి, దర్శనం చేసుకుని, మెట్ల దారిలో తొలిపావంచా దాకా దిగుతాం. మావారు "దేవుడు నవ్వుతాడే" అంటున్నారు. కర్రలు మాత్రం ఆయనే కొనుక్కొచ్చారు, రెండు జతలు.