గోర్డన్‌ది ఉరిశిక్షా, హత్యా? (జమైకా, 1865)

గట్టుమీద మనిషి:
1865లో జమైకా బ్రిటిష్ వలస. అక్టోబర్ 11న అక్కడి మోరాంట్ బే ఊళ్లో కోర్టు ముందు, నల్లజాతి రైతుల నాయకుడు పాల్ బోగుల్ వెంట వచ్చిన జనం మీద వాలంటీర్ సైనికులు కాల్పులు జరిపారు, ఏడుగురు పోయారు. జనం కోర్టు తగలబెట్టి 18 మందిని చంపారు. గవర్నర్ ఐర్ సైనిక శాసనం (మార్షల్ లా) పెట్టాడు. ఈ అల్లర్ల వెనక ఉన్నాడని శాసనసభ్యుడు గోర్డన్‌ని 23న ఉరి తీశారు. ఐర్‌ని ఇప్పటి కళ్లతో చూసి తిడుతున్నాం అంటాను. పక్కనే హైతీ. అక్కడ బానిసల తిరుగుబాటు ఏ తెల్లవాడూ మర్చిపోలేదు. భయపడడా మరి?

పాతకాగితాలు:
భయం సరే మాష్టారూ, తేదీలు చూడండి. 11న గోర్డన్ మోరాంట్ బేలో లేనే లేడు, కింగ్‌స్టన్‌లో ఉన్నాడు. 17న తానే వచ్చి లొంగిపోయాడు. కింగ్‌స్టన్‌కి సైనిక శాసనం వర్తించదు, మామూలు కోర్టులు నడుస్తున్నాయి. అయినా వుల్వరిన్ ఓడెక్కించి, ఆ శాసనం ఉన్న మోరాంట్ బేకి తీసుకెళ్లారు. 21 శనివారం, ముగ్గురు కుర్ర అధికారుల ముందు విచారణ. మర్నాడు ఆదివారం కదా, ఉరి సోమవారానికి వాయిదా! ఆదివారం పాటించే భక్తి ఉంది, మామూలు కోర్టుకి పంపే ఓపిక లేదు. భయపడ్డవాడు ఇంత లెక్కగా చేస్తాడా?

చెరకుతోట:
మీరిద్దరూ అక్టోబర్ దగ్గరే కూర్చున్నారు, కాస్త వెనక్కి రండి. అనావృష్టి. అమెరికా అంతర్యుద్ధంతో పిండీ బట్టా ధరలు మండిపోతున్నాయి. జమైకాలోని సెయింట్ ఆన్ ప్రాంతం రైతులు సాగుకి భూమి ఇప్పించమని విక్టోరియా రాణికి అర్జీ పెట్టుకున్నారు. జూన్‌లో వచ్చిన జవాబు: తోటల్లో కూలికి నిలకడగా పనిచేయండి, అదే మీ బాగు. ఐర్ దాన్ని అచ్చేయించి ద్వీపమంతా పంచాడు. అర్జీకి సుద్దులు తిరిగొస్తే ఎలా ఉంటుందో రెవెన్యూ ఆఫీసు మెట్లెక్కినవాళ్లని అడగండి. ఆగస్టులో బోగుల్ మనుషులు అప్పటి రాజధాని స్పానిష్ టౌన్ దాకా నడిచి వెళ్తే గవర్నర్ కలవనే లేదు.

గట్టుమీద మనిషి:
తర్వాత బ్రిటన్ వేసిన విచారణ సంఘం, రాయల్ కమిషన్ కూడా మొదటి రోజుల్లో ఐర్ చురుకుదనాన్ని మెచ్చుకుందండీ. అది మాత్రం ఎవరూ చెప్పరు.

పాతకాగితాలు:
మెచ్చుకుంది, నిజమే. అదే నివేదికలో మిగతాది కూడా చదవండి: 439 మంది చావు, 600 మందికి పైగా కొరడా దెబ్బలు, 1,000 ఇళ్లు బూడిద. కొన్నిచోట్ల కొరడా తాళ్లకి తీగ చుట్టి కొట్టారు. అల్లర్లలో గోర్డన్ చేయి ఉందనడానికి చాలినంత సాక్ష్యం లేదని కూడా అందులోనే ఉంది. ఇంగ్లండ్‌లో తత్వవేత్త మిల్, శాస్త్రవేత్త డార్విన్ ఐర్‌ని బోనెక్కించాలన్నారు. రచయితలు కార్లైల్, డికెన్స్ ఐర్ వైపు నిలబడ్డారు. అతని కోసం చందాలు పోగేశారు, తర్వాత మన జలియన్‌వాలాబాగ్ డయ్యర్‌కి పోగేసినట్టే.

రెండోబెంచీ:
ఉరి గురించే మాట్లాడుతున్నారు. డిసెంబర్‌లో 200 ఏళ్ల శాసనసభ తనని తాను రద్దు చేసుకుంది, అధికారమంతా లండన్‌కి పోయింది. అసలు దెబ్బ అది.

చెరకుతోట:
ఎవరికి దెబ్బ? 4 లక్షల పైచిలుకు జనంలో ఓటున్నవాళ్లు 2,000 కూడా లేరు. తోటల యజమానుల సభ అది.

రెండోబెంచీ:
ఆ సభలోకే గోర్డన్ గెలిచి వచ్చాడు కదా. ఇంకో గోర్డన్ రాకుండా తలుపు వేసేశారు. అందరికీ ఓటు 1944 దాకా రాలేదు.

గట్టుమీద మనిషి:
ఓడ విషయంలో నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నా. కానీ ఆ 18 మందిలో ఐర్‌కి తెలిసినవాళ్లూ ఉండే ఉంటారు, అది కూడా లెక్కలో వేసుకోండి.