అప్‌డేట్: విజయనగరంలో మా వంటింటి సింకు జామ్ పోయింది

సింకులో నీళ్లు దిగడం లేదు, యాసిడ్ పోయకుండా ఏం చేయాలని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. పనిచేసింది మాత్రం సింకు కింద బాటిల్ ట్రాప్ (పైపుకి ఉండే సీసాలాంటి భాగం) విప్పమన్న మాటే. బకెట్ పెట్టి కింది మూత చేత్తో తిప్పితే ఊడొచ్చింది. లోపల గడ్డకట్టిన నూనె జిడ్డు, దానికి పట్టుకుని గంజి, మెతుకులు, పోపు ఆవాలు! పాత టూత్‌బ్రష్‌తో తోమి, వాషర్ సరిగ్గా కూర్చోబెట్టి బిగించాను. ఇప్పుడు నీళ్లు చకచకా పోతున్నాయి.

వంటసోడా, వెనిగర్‌తో నురగ బాగా వచ్చింది కానీ జామ్ కదల్లేదు. మరిగే నీళ్లు వద్దన్నవాళ్ల మాట నిజం, పీవీసీ పైపు వేడికి మెత్తబడుతుంది. బయటి డ్రైనేజీకి దీంతో సంబంధమే లేదు, బాత్రూం నీళ్లు మామూలుగానే పోయేవి. ప్లంబర్ అవసరం రాలేదు.