అమ్మకి ప్రాక్టోస్కోపీ రాశారు. అనోస్కోపీ అంటే ఇదేనా? నొప్పి ఉంటుందా?

ప్రశ్న (ఖమ్మం నుంచి):

అందరికీ నమస్కారం. మా అమ్మకి 58 ఏళ్ళు, షుగర్ ఉంది. నాలుగు నెలలుగా మోషన్‌లో రక్తం పడుతోందట. మాకు తెలిసింది మాత్రం మొన్న ఆదివారమే, అది కూడా బాత్రూమ్‌లో చుక్కలు నా కంట పడితేనే. ఇన్నాళ్ళూ వేడి చేసిందనుకుని మజ్జిగ, సబ్జా గింజల నీళ్ళు తాగుతూ నెట్టుకొచ్చింది. సర్జన్‌కి చూపిస్తే చీటీ మీద ప్రాక్టోస్కోపీ అని రాసి, గురువారం రమ్మన్నారు. నెట్‌లో వెతికితే అనోస్కోపీ అని వస్తోంది. రెండూ ఒకటేనా? మత్తు ఇస్తారా? పరగడుపున తీసుకెళ్ళాలా? అమ్మ అయితే "ఈ వయసులో నాకీ అగత్యం ఏంటే" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. గురువారం దాకా ఎలా ఒప్పించాలో తెలియట్లేదు. ఎవరైనా చేయించుకున్నవాళ్ళు ఉంటే చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (సర్జరీ ఓపీలో నర్సు):

నేను పదకొండేళ్ళుగా సర్జరీ ఓపీలో పనిచేస్తున్నానమ్మా. ఈ పరీక్ష రోజూ చూస్తాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మన దగ్గర డాక్టర్లు ఎక్కువగా ప్రాక్టోస్కోపీ అనే అంటారు. చిన్న గొట్టంతో మలద్వారం లోపలి దారిని, మలాశయం కింది కొసని చూడటమే అనోస్కోపీ. ప్రాక్టోస్కోప్ ఒక్కోసారి కాస్త పొడుగుంటుంది, అంతకుమించి మీరు పట్టించుకోవాల్సిన తేడా లేదు. మలద్వారం లోపలి దారి సుమారు నాలుగు సెంటీమీటర్లే. గొట్టం ఏడు నుంచి పది సెంటీమీటర్లు ఉంటుంది. కొలనోస్కోపీలాగా పేగంతా తిరిగే పొడవాటి ట్యూబు కాదు ఇది. చాలామంది ఆ రెండింటినీ ఒకటే అనుకుని హడలిపోతారు.

మత్తు మామూలుగా అవసరం లేదు. పరగడుపు కూడా అక్కర్లేదు. ముఖ్యంగా మీ అమ్మగారికి షుగర్ ఉంది కాబట్టి టిఫిన్ పెట్టి, మాత్ర వేసి తీసుకెళ్ళండి. పొద్దున మోషన్‌కి వెళ్ళొస్తే చాలు. కొందరు డాక్టర్లు ముందు చిన్న ఎనిమా ఇమ్మంటారు, ఆ సంగతి ఫోన్ చేసి కనుక్కోండి.

లోపల జరిగేది ఇదీ. ఎడమ పక్కకి తిరిగి, మోకాళ్ళు పొట్టకి ఆనించి పడుకోమంటారు. డాక్టర్ ముందు గ్లౌజు వేసుకున్న వేలితో, జెల్లీ రాసి, లోపల తడిమి చూస్తారు. ఆ తర్వాత గొట్టం మెల్లగా పెడతారు. దాని మధ్యలో నున్నటి మూతిగల కడ్డీ ఒకటి ఉంటుంది, అందుకే దారి గీసుకోదు. లోపలికి వెళ్ళాక కడ్డీ తీసేసి, లైటు వేసి, గొట్టాన్ని నెమ్మదిగా బయటికి లాగుతూ చుట్టూ చూస్తారు. అసలు చూడటమంతా బయటికి తీసేటప్పుడే. మధ్యలో ఒకసారి ముక్కమంటారు. లోపల మొలలు ఉంటే అప్పుడు గొట్టంలోకి ఉబ్బి కనిపిస్తాయి. మొత్తం కలిపి ఐదు నిమిషాలు పట్టదు.

నొప్పికన్నా ఎక్కువగా, మోషన్ వచ్చేస్తున్నట్టు అనిపిస్తుంది. మంచం మీదే అయిపోతుందేమోనని పెద్దవాళ్ళు బిగుసుకుపోతారు, ఆ బిగువు వల్లే నొప్పి. అది గొట్టం వల్ల కలిగే భావన మాత్రమేనని అమ్మకి ముందే చెప్పి పెట్టండి. నోటితో ఊపిరి వదులుతూ ఉంటే ఒళ్ళు దానంతటదే సడలుతుంది.

అమ్మకి మోషన్‌కి వెళ్ళేటప్పుడు గాజుపెంకుతో కోసినట్టు నొప్పి ఉందా? ఉంటే డాక్టర్‌కి ముందుగా చెప్పండి. అది ఫిషర్, అంటే మలద్వారం దగ్గర చర్మం చీలడం కావచ్చు. అంత నొప్పి మీద గొట్టం పెట్టరు. పైనుంచి చూసి మందిచ్చి, తగ్గాక పరీక్ష చేస్తారు, తప్పనిసరైతే మత్తులో చేస్తారు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే అదీ చెప్పాలి, వాటిని మీ అంతట మీరు మాత్రం ఆపకండి.

ప్రశ్న అడిగినవారు:

చాలా థాంక్స్ అక్కా. అంత నొప్పేమీ లేదంది. ఎర్రటి రక్తం చుక్కలుగా పడుతుందట, అంతే. డాక్టర్ మగాయన. అమ్మ అసలు బాధ అదే. చీర విప్పాలా అని నన్ను మూడుసార్లు అడిగింది.

జవాబు (సర్జరీ ఓపీలో నర్సు):

విప్పక్కర్లేదమ్మా. మా ఓపీలో చీర, లంగా వెనకవైపు పైకి జరిపి, మీద దుప్పటి కప్పుతాం. అవసరమైనంత మేరే తెరిచి ఉంటుంది. ముఖం గోడవైపు ఉంటుంది కాబట్టి డాక్టర్‌ని చూడాల్సిన పని కూడా లేదు. పక్కన ఆడ నర్సు ఉండాలని అడగండి, అడగడం మీ హక్కు. మీరూ లోపలే ఉంటామనండి, అమ్మ చెయ్యి పట్టుకుని నిలబడండి. లేడీ సర్జన్ కావాలన్నా మొహమాటపడకుండా అడగొచ్చు. ఇంకో మాట కూడా అమ్మకి చెప్పండి: మాకు ఇది రోజూ చూసే పని. చెవి చూసినా, పన్ను చూసినా ఎలాగో ఇదీ అంతే.

జవాబు (గుంటూరు నుంచి, 41 ఏళ్ళు):

అమ్మగారిని ఎలాగైనా తీసుకెళ్ళండి. నేను సిగ్గుపడి చేసిన తప్పు చెబుతున్నాను. రోడ్డు పక్కన "ఆపరేషన్ లేకుండా మొలలు మాయం" అని బోర్డు ఉంటే అక్కడికి వెళ్ళాను. నన్ను పడుకోబెట్టలేదు, చూడలేదు. నొప్పి, రక్తం అనగానే మొలలే అన్నారు. పొడి మందు, లేహ్యం పేరుతో ఏడాదిన్నర గడిచింది. చివరికి మా ఆవిడ పట్టుబట్టి సర్జన్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన రెండు నిమిషాల్లో ఫిషర్ అని తేల్చారు. నాకు మొలలే లేవు. పూత మందు, గోరువెచ్చని నీళ్ళ టబ్బులో కూర్చోవడం, ఇసబ్‌గోల్, ఎక్కువ నీళ్ళు. రెండు నెలల్లో తగ్గిపోయింది. తగ్గాక గొట్టంతో కూడా చూశారు. ఇబ్బందిగా అనిపించింది కానీ, దానికి నేను పడ్డ భయంలో పదో వంతు కూడా లేదు. చూడకుండా మందు ఇచ్చేవాళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళకండి.

ప్రశ్న అడిగినవారు (గురువారం సాయంత్రం):

చేయించామండీ. నేను లోపలే ఉన్నాను. అయిపోయాక అమ్మ "ఇంతేనా?" అంది. నాకే ఏడుపొచ్చింది. లోపల మొలలు ఉన్నాయన్నారు, రెండో దశ. కాగితం మీద 3, 7 ఓ క్లాక్ అని రాశారు, అది మందు వేసే టైమా? హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది. మొలలు దొరికాయి కదా, అయినా కొలనోస్కోపీ కూడా చేయించమన్నారు. ఇంటి దగ్గర అందరూ "డబ్బు కోసం రాశారు" అంటున్నారు. నిజంగా అవసరమా?

జవాబు (సర్జరీ ఓపీలో నర్సు):

అవసరమే అమ్మా. మీ డాక్టర్ సరిగ్గానే ఆలోచించారు.

ముందు ఆ అంకెల సంగతి. మనిషి వెల్లకిలా పడుకుంటే మలద్వారాన్ని గడియారం ముఖంలా ఊహించి, మొల ఏ వైపు ఉందో అలా రాస్తారు. మందు వేళలు కావు. రెండో దశ అంటే ముక్కినప్పుడు బయటికొచ్చి, వాటంతటవే లోపలికి వెళ్ళేవి.

ఇక కొలనోస్కోపీ. ఇవాళ్టి గొట్టం చూసింది చివరి కొసనే. ఆపైన పెద్దపేగు దాదాపు ఒకటిన్నర మీటర్లు ఉంది. మొలలు ఉన్నవాళ్ళకి పైన పాలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న కండ) గానీ, గడ్డ గానీ ఉండకూడదని ఏమీ లేదు. ఒక్కోసారి రెండూ ఉంటాయి. ఈ వయసులో రక్తం పోవడం, హిమోగ్లోబిన్ తగ్గడం కలిసి కనిపించినప్పుడు నెపమంతా మొలల మీదికి నెట్టేయకూడదు. మొలలున్నాయి కదా అని ఊరుకుని, ఆలస్యంగా వచ్చినవాళ్ళని చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఇంట్లోవాళ్ళకి ఈ మాట చదివి వినిపించండి.

ఈ రాత్రి తుడుచుకున్నప్పుడు కొంచెం రక్తం మరక కనిపిస్తే కంగారుపడకండి. ధారగా పోయినా, జ్వరం వచ్చినా, నొప్పి పెరుగుతున్నా వెంటనే తీసుకెళ్ళండి.

ప్రశ్న అడిగినవారు:

చదివి వినిపించాను అక్కా. నాన్న సరే అన్నారు. డాక్టర్ మొలలకి రబ్బర్ బ్యాండ్ (మొల మొదట్లో బిగించే చిన్న రింగు) వేస్తాం, కొలనోస్కోపీ అయ్యాక చూద్దాం అన్నారు. ఈలోగా ఐరన్ మాత్రలు రాశారు. అవి వేసుకోవచ్చా?

జవాబు (సర్జరీ ఓపీలో నర్సు):

వేసుకోండి. కాకపోతే ఐరన్ వల్ల మోషన్ నల్లబడి పేగు గోడలకి అంటుకుంటుంది, లోపల సరిగ్గా కనపడదు. అందుకని కొలనోస్కోపీకి మామూలుగా ఐదు నుంచి ఏడు రోజుల ముందే ఆపిస్తారు. తేదీ ఖాయం చేసేటప్పుడే ఎప్పుడు ఆపాలో అడిగి రాయించుకోండి. దీనికి మాత్రం పేగు శుభ్రం చేసే మందు తాగాలి, ముందు రోజు తిండి తగ్గుతుంది, కాబట్టి షుగర్ మాత్రలు ఎలా వేయాలో కూడా అదే కాగితం మీద రాయించండి. పొద్దున మొదటి నంబరు అడగండి, అమ్మ ఎక్కువసేపు ఖాళీ కడుపుతో కూర్చోకుండా ఉంటుంది.